ఏడో నంబరు స్టేషన్

కొలిమిపేట మూడురోడ్ల మొగలో వరాలమ్మ పిండిమర పెట్టి ఇరవై ఆరేళ్లయింది. భర్త చనిపోయిన ఏడాది అందరూ ఆవిణ్ణి మర అమ్మేయమన్నారు. ఆవిడ అమ్మలేదు. మోటారు విప్పడం నేర్చుకుంది, బెల్టు ఎక్కించడం నేర్చుకుంది, ఏ రాయి ఎప్పుడు అరిగిందో చప్పుడు విని చెప్పడం నేర్చుకుంది. ఇప్పుడు పేటలో ఎవరింట జంతికలు వండినా, ఎవరింట కారం కొట్టినా ఆ పిండీ ఆ కారమూ వరాలమ్మ చేతి మీదుగా వెళ్లాల్సిందే. మరలో పొద్దస్తమానం డబ్బాల వరస ఉంటుంది. డబ్బాల వెనక ఆడవాళ్లుంటారు. ఆ ఆడవాళ్ల దగ్గర పేటలోని కబుర్లన్నీ ఉంటాయి.

ఒక సోమవారం పొద్దున షట్టరెత్తబోతే గోడ మీద పసుపు రంగుతో 'ఎస్-7' అని మూరెడు అక్షరాలు కనబడ్డాయి. పక్కన ఒక కాగితం అంటించి ఉంది. వరాలమ్మ కళ్లజోడు తుడుచుకుని పైకి చదివింది.

"నగర తేలికరైలు సంస్థ వారు తెలియజేయునది ఏమనగా, సదరు కట్టడము ప్రతిపాదిత ఏడవ నంబరు స్టేషను స్థలమునందు నిలబడి యున్నందున, ముప్పది దినములలోగా సదరు కట్టడము తనంతట తాను తొలగిపోవలెను. లేనియెడల తగు చర్య తీసుకొనబడును."

"తనంతట తానెలా తొలగిపోతాదే? దానికేమన్నా కాళ్లున్నాయా?" అంది వరాలమ్మ, మినప్పప్పు డబ్బా పట్టుకుని నిలబడ్డ పక్కింటి గౌరీశ్వరితో.

నవ్వుతూ అందిగానీ, ఆ రోజు గోధుమల్లో రెండుసార్లు బియ్యం కలిసిపోయాయి.

మర్నాడు అర్జీ రాయించుకుని సంస్థ ఆఫీసుకి వెళ్లింది. ఊళ్లో తేలికరైలు వస్తుందని నాలుగేళ్లుగా అంటున్నారు. పదకొండు స్టేషన్లు, పద్నాలుగు కిలోమీటర్లు. పట్టాలింకా ఒక్క గజం కూడా పడలేదు కానీ ఆఫీసు మాత్రం ఆరంతస్తులు పూర్తయింది. మొదటి అంతస్తులో అర్జీ రెండో అంతస్తుకి ఇమ్మన్నారు, రెండో అంతస్తులో నాలుగుకి. నాలుగో అంతస్తులో పైడిరాజు అనే కుర్ర ఇంజనీరు దొరికాడు. మంచివాడిలా కనబడ్డాడు. అర్జీ చదివి నిట్టూర్చాడు.

"నా చేతుల్లో ఏం లేదమ్మా. రైలు గీత పైవాళ్లు గీశారు. గీతకి మీ మర తగిలింది."

"గీత కొంచెం పక్కకి జరిపితే చాలుగా బాబూ. రబ్బరుంటాది కదా మీ దగ్గర?"

పైడిరాజు ఆవిడ వెళ్లేప్పుడు లిఫ్టు దాకా వచ్చి సాగనంపాడు. అంతకు మించి అతను చేయగలిగింది అప్పటికేమీ లేదు.

ముప్పది దినముల్లో ఇరవై ఒకటి గడిచాక అనుకోనిది జరిగింది.

అదెలా జరిగిందో పైడిరాజే తర్వాత వరాలమ్మకి చెప్పాడు. సంస్థలో ప్రతి నెలా ప్రగతి సమీక్ష జరుగుతుంది. పెద్ద గోడకి పెద్ద పట్టిక వేస్తారు. అందులో ఏడో స్టేషనుకి ఎదురుగా 'నోటీసు అంటించుట' అనే గడిలో 'పూర్తి' అని ఉండాలి. పట్టిక కొట్టినవాళ్లు ఎక్కడో ఒక గడి జార్చారు. 'పూర్తి' అన్న మాట వరస చివర 'స్టేషను నిర్మాణము' అన్న గడిలోకి వెళ్లి కూర్చుంది. మిగతా పది స్టేషన్లకి ఆ గడిలో గుండుసున్న.

ఎండీ గారు ఆ 'పూర్తి'ని చూసి కుర్చీలోంచి లేచారట. "నాలుగేళ్లుగా నేను అడుగుతున్నది ఇదే. ఒక్కరు పూనుకుంటే పని కాదా? ఎవరీ ఏడో నంబరు?" అన్నారట.

ఆ స్టేషను పని చూసే పైడిరాజు లేచి నిలబడ్డాడు. "సార్, అది..." అనబోయాడు.

"వినయం వద్దు. పని మాట్లాడింది, చాలు," అన్నారు ఎండీ గారు. అక్కడికక్కడే శాలువా తెప్పించి కప్పారు. చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు. ఆ ఫోటో సాయంత్రానికల్లా సచివాలయం దాకా వెళ్లింది.

కప్పిన శాలువాను వెనక్కి తీసుకునే పద్ధతి సంస్థ నిబంధనల్లో లేదు.

మర్నాడు మధ్యాహ్నం పైడిరాజు మరకొచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. వెనక ఇద్దరు మనుషులు పొడుగాటి నీలంరంగు బోర్డు మోసుకొచ్చారు.

"వరాలమ్మగారూ, మీ మర కూల్చరు," అన్నాడు.

ఆవిడ చేతిలో జల్లెడ అలాగే ఆగిపోయింది. "గీత జరిపారా బాబూ?"

"గీత జరగలేదు. మీ మరే జరిగింది." అతను గొంతు తగ్గించాడు. "రికార్డుల్లో మీ మర ఇక్కడ లేదమ్మా. ఇక్కడున్నది స్టేషన్. పూర్తయిపోయిన స్టేషన్ని ఎవరూ కూల్చరు. మీరు ఈ బోర్డొక్కటి తగిలించుకోనివ్వండి."

"మరి పిండి పట్టుకోవచ్చా?"

"స్టేషన్లో చిన్నపాటి వ్యాపారాలు ఉండొచ్చని నిబంధనల్లోనే ఉంది. మీరు చిన్నపాటిగా పట్టుకోండి."

అలా 'శ్రీ వీరభద్ర పిండిమర' అన్న పాత రేకు మీద 'కొలిమిపేట' అన్న నీలం బోర్డు ఎక్కింది. పేటలో కొందరు వింతగా చూశారు. రెండు రోజులు చూసి, డబ్బాలు పట్టుకుని మామూలుగా వచ్చేశారు.

మూడో రోజు స్టేషన్ మేష్టారొచ్చాడు.

పేరు సోమశేఖరం. నలభై దగ్గరపడుతున్న మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. రెండేళ్ల కిందట సంస్థ అతనికి ఎనిమిది నెలలు శిక్షణిచ్చి, స్టేషన్లు కట్టాక పిలుస్తామని ఇంటికి పంపేసింది. ఈ రెండేళ్లూ అతను యూనిఫారం ప్రతి శుక్రవారం ఇస్త్రీ చేసుకుంటూ, శిక్షణలో ఇచ్చిన నాలుగువందల పేజీల మాన్యువల్ కంఠస్థం చేస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు టోపీ పెట్టుకుని, ఈల, పచ్చజెండా ఉన్న సంచీ భుజాన వేసుకుని మర గుమ్మంలో నిలబడ్డాడు.

లోపల కారం పడుతున్నారు. అతను గట్టిగా పదకొండుసార్లు తుమ్మి, "నమస్కారం. స్టేషన్ ఎక్కడండీ?" అని అడిగాడు.

"మీరు నించున్నదే బాబూ," అంది వరాలమ్మ.

సోమశేఖరం బోర్డు చూశాడు. మోటారు చూశాడు. వరసలో ఉన్న పద్నాలుగు డబ్బాలు చూశాడు. అతని మొహంలో రంగులు మారడం చూసి వరాలమ్మకి జాలేసింది. స్టూలు దులిపి వేసి, మంచినీళ్లిచ్చింది.

"ఇది స్టేషన్ కాదని నేను రాస్తే ఏమవుతుందండీ?" అన్నాడతను సగం నీళ్లు తాగి.

"నా మర పోతాది. మీ సంగతి మీకే తెలియాలి మేష్టారూ."

"నా ఉద్యోగం పోతుంది," అన్నాడు సోమశేఖరం. గ్లాసు కింద పెట్టి, సంచీలోంచి రిజిస్టరు తీశాడు.

అతను అబద్ధాలు రాసే మనిషి కాదు. మొదటి రోజు 'ప్రయాణికుల సంఖ్య' అన్నచోట 'లేరు' అని నిజమే రాసి పంపాడు. రెండో రోజుకే మెమో వచ్చింది. "సర్వాంగసుందరముగా పూర్తయిన స్టేషనులో ప్రయాణికులు లేకపోవుటను స్టేషను అధికారి నిర్లక్ష్యముగా ఎందుకు పరిగణించరాదో మూడు దినములలో వివరణ ఇవ్వవలెను."

సోమశేఖరం ఆ రోజంతా మాన్యువల్ తిరగేశాడు. సాయంత్రానికి పన్నెండో పేజీలో అతనికి కావలసింది దొరికింది. వరాలమ్మకి చదివి వినిపించాడు.

"ప్రయాణికుడు అనగా స్టేషనులోనికి ప్రవేశించి, సామానుతో గాని సామాను లేకుండ గాని, తన వంతు కొరకు వేచియుండి, పని ముగిసిన పిమ్మట స్టేషనునుండి నిష్క్రమించు వ్యక్తి."

"ఇందులో రైలు మాట ఎక్కడా లేదు మేష్టారూ," అంది వరాలమ్మ.

"లేదండి. నేను నాలుగుసార్లు చూశాను."

మర్నాటి నుంచి అతను మనుషుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నూట ముప్పై ఇద్దరు ప్రయాణికులు. నూట పద్దెనిమిది సామాన్లు. సగటు నిరీక్షణ ఇరవై రెండు నిమిషాలు. అన్నీ నిజాలే. వినాయకచవితి ముందురోజు మూడువందల నలభై మంది వచ్చారు. 'పండుగ రద్దీ' అని ఎర్రసిరాతో రాశాడు.

హెడ్డాఫీసు మురిసిపోయింది. అయితే మురిసిపోయిన ఆఫీసు ఊరికే ఉండదు, సర్క్యులర్లు పంపుతుంది. ప్రయాణికులు పసుపుగీత వెనక నిలబడవలెనని ఒకటి వచ్చింది. సోమశేఖరం మర ముందు గీత గీయించాడు. ప్రతి ప్రయాణికుడికీ టోకెను ఇవ్వవలెనని ఇంకొకటి వచ్చింది. ఇచ్చాడు. విచిత్రంగా ఆ టోకెన్లతో పేటకి మేలే జరిగింది. అంతకుముందు "నా డబ్బా ముందంటే నా డబ్బా ముందు" అని రోజూ పోట్లాడుకునే గౌరీశ్వరీ, చేపలబజారు నూకాలమ్మా ఇప్పుడు టోకెను నంబరు చూసుకుని బుద్ధిగా కూర్చుంటున్నారు.

అంతరాయం కలిగితే ప్రకటన చేయవలెనని మూడో సర్క్యులర్, దాంతోపాటు ఒక మైకూ వచ్చాయి. ఒకరోజు బెల్టు తెగింది. సోమశేఖరం టోపీ సర్దుకుని మైకు తీసుకున్నాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. సాంకేతిక కారణాల వల్ల బియ్యప్పిండి సుమారు నలభై నిమిషాలు ఆలస్యంగా నడుస్తోంది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

"గోధుమలో మేష్టారూ?" అని వెనకనించి నూకాలమ్మ కేకేసింది.

"గోధుమలు రద్దు," అన్నాడు సోమశేఖరం.

ఇంకో రోజు కరెంటాఫీసు మనిషి నిచ్చెనతో వచ్చాడు. రికార్డుల్లో మర లేదు కాబట్టి మర కనెక్షన్ కోసేయమన్నారన్నాడు. సోమశేఖరం స్టూలు మీంచి లేచి, నిచ్చెనకి అడ్డంగా నిలబడ్డాడు.

"స్టేషన్‌కి కరెంటు ఆపాలంటే డెబ్బై రెండు గంటల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. మాన్యువల్ డెబ్బై ఆరో పేజీ. పైగా ఇది ప్రజారవాణా."

కరెంటాఫీసు మనిషికి సగమే అర్థమైంది. కానీ యూనిఫారం చూసి నిచ్చెన దింపుకుని వెళ్లిపోయాడు. పదిరోజులకి 'స్టేషన్' అన్న పేరు మీద కొత్త కనెక్షనే వచ్చింది. వరాలమ్మ ఆ సాయంత్రం సోమశేఖరానికి వేడివేడి చెక్కలు వండి తెచ్చింది. అప్పట్నుంచి అతను ఆవిణ్ణి 'వరాలమ్మగారూ' అనడం మానేసి 'అక్కా' అంటున్నాడు.

ఆర్నెల్లకి భద్రతా కమిటీ వచ్చింది. అయిదుగురు అధికారులు, అయిదు ఫైళ్లు. వాళ్ల దురదృష్టం, అది మిరపకాయల రోజు. లోపల పదినిమిషాలుండి కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చారు. నివేదికలో ఇలా రాశారు: "సదరు స్టేషను పనితీరు కమిటీ సభ్యులనందరిని తీవ్రముగా కదిలించినది."

ఆ నివేదిక చూసి ఎండీ గారు స్వయంగా వచ్చి 'ఉత్తమ స్టేషన్' ఫలకం ఇచ్చారు. పదకొండు స్టేషన్లలో ఒక్కటే ఉన్నప్పుడు ఉత్తమమైనది ఏదో తేల్చడం పెద్ద కష్టం కాలేదు. ఫలకం ఇచ్చి, ఆయన నలుదిక్కులా చూశారు.

"అంతా బాగుంది. పట్టాలు ఎటువైపు?"

చుట్టూ ఉన్నవాళ్లు నేల చూశారు. పైడిరాజు ముందుకొచ్చాడు. "పట్టాలు మన విభాగం కాదు సార్. అది ట్రాకు విభాగం."

"ఓహో, మన విభాగం వరకు?"

"మన విభాగం వరకు వంద శాతం సార్."

"వాళ్లకు ఘాటుగా ఒక లేఖ రాయండి," అన్నారు ఎండీ గారు.

ఆ ఘాటు లేఖే ముప్పు తెచ్చింది. నాలుగేళ్లుగా నిద్రపోతున్న ట్రాకు విభాగం ఉలిక్కిపడి లేచింది. వారం తిరక్కుండా చీఫ్ ఇంజనీరు గారు జీపులో దిగారు. ఆయనది బట్టతల, తెల్లమీసాలు, గొంతు ఖంగుమంటుంది. చేతిలో నక్షా పరిచి, మరలో నాలుగు అడుగులు వేసి, సరిగ్గా మర రాళ్ల దగ్గర ఆగారు.

"పట్టాలు దీని మధ్యనించే వెళ్లాలి. నేను ఇంతకాలం ఇది స్టేషనే అనుకున్నాను. ఇది పిండిమర!"

మర ఆగి ఉంది. ఆడవాళ్లంతా డబ్బాలు దగ్గరికి లాక్కుని నించున్నారు.

చీఫ్ ఇంజనీరు గారు ఒక కాగితం తీసి సోమశేఖరం ముందుంచారు. "ఇది స్టేషన్ కాదు, పిండిమర అని ఒక్క సంతకం చెయ్యి. రేపే బుల్డోజరు పంపిస్తాను. నీకు ఇంకెక్కడైనా ఏదో ఒకటి చూస్తాంలే."

ఆ 'ఏదో ఒకటి చూస్తాంలే' అంటే ఏమిటో సోమశేఖరానికి తెలుసు. రెండేళ్లు అదే మాట విన్నాడు. అతని నుదుటి మీది చెమటకి పిండి అంటుకుని తెల్లగా కనబడింది. వరాలమ్మ కేసి చూశాడు.

"నాకేసి చూడకు తమ్ముడూ," అందావిడ మెల్లిగా. "ఉన్నదేదో రాసెయ్. నా కోసం నువ్వు తప్పు రాయకు."

సోమశేఖరం కాగితం అందుకున్నాడు. రెండుసార్లు చదివాడు. టోపీ తీసి దులిపి మళ్లీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత అతని గొంతులోంచి వచ్చిన మాటలు చిన్నగానే వచ్చాయి గానీ తడబడలేదు.

"సార్, దీన్ని స్టేషన్ అని రాసింది సంస్థ. ఫలకం ఇచ్చింది ఎండీ గారు. వాళ్లిద్దరూ తప్పు అని రాసే అధికారం నాకు లేదు. స్టేషన్ మధ్యనించి పట్టాలు వెయ్యడానికి అనుమతిచ్చే అధికారం మాత్రం ఉంది. నూట నలభై ఒకటో పేజీ. దానికి ముందుగా మీరు నాకు రైలు వేళల పట్టిక ఇవ్వాలి."

"వేళల పట్టికా? పట్టాలు పడ్డాకే కదయ్యా పట్టిక వచ్చేది!"

"అవును సార్. పట్టిక రాగానే పట్టాలకి అనుమతిస్తాను."

చీఫ్ ఇంజనీరు గారు నక్షా మడిచారు. మాన్యువల్ తెప్పించుకుని నూట నలభై ఒకటో పేజీ చదివారు. ముప్పై మూడేళ్ల సర్వీసు ఆయనది. నిబంధన ఎక్కడ ముడిపడిందో, ఆ ముడి ఎంత గట్టిదో ఒక్క చూపులో గ్రహించారు. ఆయన మొహంలో కోపం పోయి, నెమ్మదిగా ఒక గౌరవం లాంటిది వచ్చింది.

"ఎక్కడ నేర్చుకున్నావయ్యా?" అన్నారు.

"ఖాళీగా ఉన్నప్పుడు చదివాను సార్."

జీపు వెళ్లిపోయాక సోమశేఖరం స్టూలు మీద కూలబడ్డాడు. ఆడవాళ్లంతా ఒక్కసారిగా మాట్లాడారు. వరాలమ్మ మాత్రం అటు తిరిగి, కొంగుతో కళ్లొత్తుకుని, మోటారు వేసింది.

రైలు దారి మారింది. మరని తప్పించి, అరమైలు అవతల కాలవగట్టు మీదుగా వెళ్లేట్టు గీత గీశారు. వరాలమ్మ ఆఫీసులో అడిగిన రబ్బరు అప్పటికి దొరికింది. ఇంకో మూడేళ్లకి పట్టాలు పడ్డాయి, ఒక మంచిరోజు చూసి రైలు కూడా తిరగడం మొదలెట్టింది. కాలవగట్టు మీద కొలిమిపేట వాళ్ల కోసం స్టేషన్ కట్టలేదు. ఒకే పేటకి రెండు స్టేషన్లు నిబంధనలకి విరుద్ధం, మొదటిది ఇప్పటికే ఉంది. అందుకని రైలు అక్కడ ఆగదు. మెల్లిగా వెళ్తుంది, అంతే.

కొలిమిపేట స్టేషన్ మాత్రం ప్రయాణికుల సంఖ్యలో మిగతా పది స్టేషన్లకీ అందనంత ఎత్తులో నడుస్తూ ఉంది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం ముసలాయనొకడు వచ్చాడు. కొత్త చెప్పులు, ఉతికిన పంచె, చేతిలో గుడ్డసంచీ. గుమ్మంలో నిలబడి బోర్డు పైకి చూసి, లోపలికి చూసి అడిగాడు.

"బాబూ, రైలెప్పుడు?"

వరాలమ్మ మోటారు ఆపేసింది. నాలుగేళ్లలో ఆ స్టేషన్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

సోమశేఖరం లేచి నిలబడ్డాడు. ఈ ప్రశ్నకి జవాబు అతనికి శిక్షణలో మొదటివారమే నేర్పారు. ఆ జవాబుకి వేళల పట్టిక కావాలి.

"ఎక్కడికెళ్లాలి తాతగారూ?" అన్నాడు.

"పెద్దాసుపత్రికి. నా మనవరాలికి నిన్న ఆడపిల్ల పుట్టింది. ముత్తాతనయ్యాను. చూడ్డానికి పోతన్నాను." ముసలాయన పేరు అప్పలస్వామిట. బస్సు దిగి, స్టేషన్ ఎక్కడని అడిగితే అందరూ వేలు ఇటే చూపించారట.

సోమశేఖరం సంచీ అందుకున్నాడు. "రండి, నేను తీసుకెళ్తాను," అని ఆయన్ని సందుల్లోంచి నడిపించి కాలవగట్టు మీదికి చేర్చాడు. రైలు వచ్చింది. నీలంగా, తళతళలాడుతూ, చాలా అందంగా ఉంది. లోపల సీట్లన్నీ ఖాళీ. సోమశేఖరం పచ్చజెండా దాచి, రెండు చేతులూ ఊపాడు. యూనిఫారం చూసి డ్రైవరు మర్యాదగా సెల్యూట్ చేశాడు. రైలు మెల్లిగా వెళ్లిపోయింది.

"బాగుంది బాబూ," అన్నాడు అప్పలస్వామి, రైలు పోయిన వైపే చూస్తూ. "ఆపరా?"

"ఆపరు తాతగారూ."

తిరిగి వచ్చేసరికి వరాలమ్మ నూకాలమ్మ కొడుకు ఆటో పిలిపించి ఉంచింది. బాలింతరాలికని గుప్పెడు వామూ, సొంటిపొడీ పొట్లం కట్టి ముసలాయన సంచీలో పెట్టింది. ఆటో వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం సోమశేఖరం రిజిస్టరు తెరిచాడు. నూట ఇరవై ఎనిమిది మంది, మామూలుగా. కింద ఇంకో వరసలో, "రైలు కొరకు వచ్చినవారు: ఒకరు" అని రాశాడు.

నాలుగో రోజుకి హెడ్డాఫీసు నుంచి మెమో వచ్చింది. సోమశేఖరం దాన్ని మర పక్కన నిలబడి పైకి చదివాడు.

"మీ స్టేషను దినచర్య నివేదికలో ఒక వ్యక్తి రైలు కొరకు వచ్చినట్లు పేర్కొనబడినది. గత నాలుగు సంవత్సరములలో ఇటువంటి సంఘటన జరిగియుండలేదు. సదరు వ్యక్తి రైలు కొరకు స్టేషనుకు రావలసివచ్చిన కారణమును వెంటనే తెలియజేయవలెను."

"ఏం రాస్తావ్ తమ్ముడూ?" అంది వరాలమ్మ.

సోమశేఖరం కలం మూత తీశాడు. అబద్ధం రాయడం అతనికి చేతకాదు. కాగితం మధ్యలో, గుండ్రటి అక్షరాలతో, ఒక్క ముక్క రాసి సంతకం చేశాడు.

"సదరు వ్యక్తి ఈ ఊరికి కొత్త."